లినక్స్ మెషిన్లలో నెట్‌వర్క్ లాగిన్: బూట్‌లో లేవాల్సిన సర్వీసులపై తరచుగా అడిగే ప్రశ్నలు

యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు ఒకే సర్వర్‌లో ఉంటాయి. ల్యాబ్‌లోనో ఆఫీసులోనో ఉన్న లినక్స్ మెషిన్లన్నీ ఆ సర్వర్‌ని అడిగి లాగిన్ ఇస్తాయి. ఈ పేజీ సర్వర్ వైపు పని గురించి కాదు. క్లయింట్ మెషిన్ స్విచ్ వేసిన దగ్గర్నుంచి లాగిన్ తెర వచ్చేదాకా ఏ సర్వీసు ఎప్పుడు లేవాలి, లేవకపోతే ఎక్కడ చూడాలి అన్నంతవరకే. సిస్టమ్‌డీతో (బూట్‌లో సర్వీసులను లేపే ప్రోగ్రామ్) నడిచే రెడ్ హ్యాట్ 8, 9 (రాకీ, ఆల్మా కూడా), డెబియన్, ఉబుంటులను దృష్టిలో పెట్టుకుని రాశాం.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో తెలుగు లిపిలోనే ఉన్నాయి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్పాం. యూనిట్ ఫైళ్లలో రాసే ఆఫ్టర్, వాంట్స్, యూజర్, రీస్టార్ట్ లాంటి పేర్లకు మాత్రం మొదటి అక్షరం ఎప్పుడూ పెద్దదే, రీస్టార్ట్‌సెక్‌లో సెక్ మొదటి అక్షరం కూడా.

అసలు ఏయే సర్వీసులు బూట్‌లో లేవాలి?

యూజర్ల వివరాలు ఉంచే మీ సర్వర్ యాక్టివ్ డైరెక్టరీ (మైక్రోసాఫ్ట్‌ది) అయినా, ఫ్రీఐపీఏ (లినక్స్‌ది) అయినా, ఉత్త ఎల్‌డ్యాప్ అయినా ఈ రోజుల్లో క్లయింట్ వైపు దాదాపు అన్నిటికీ ఎస్ఎస్ఎస్‌డీ ఒక్కటే చాలు. సర్వర్‌ని అడిగి యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు సరిచూసేది, వాటిని మెషిన్‌లోనే క్యాష్‌గా దాచుకోగలిగేది ఇదే. దానికి తోడు గడియారం సరిచేసే సర్వీసు ఒకటి తప్పనిసరి: రెడ్ హ్యాట్‌లో దాని పేరు క్రోనీడీ, డెబియన్‌లో క్రోనీ, చాలా ఉబుంటు మెషిన్లలో సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ. రెడ్ హ్యాట్ కుటుంబంలో హోమ్ ఫోల్డర్ మొదటి లాగిన్‌లో దానంతటదే తయారవ్వాలంటే ఆడ్‌జాబ్‌డీ కూడా కావాలి. హోమ్ ఫోల్డర్లు ఎన్ఎఫ్ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్లు పంచే పద్ధతి) ఉంటే, వాటిని అవసరమైనప్పుడు తగిలించే (మౌంట్ చేసే) ఆటోఎఫ్ఎస్ కలుస్తుంది. రెడ్ హ్యాట్‌లో కమాండ్ ఇది:

సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ ఎస్ఎస్ఎస్‌డీ క్రోనీడీ ఆడ్‌జాబ్‌డీ

మెషిన్‌ని డొమైన్‌లో (ఒకే సర్వర్ కింద ఉండే మెషిన్లు, యూజర్ల సమూహం) రెల్మ్ జాయిన్ లేదా ఐపీఏ-క్లయింట్-ఇన్‌స్టాల్ కమాండ్ వాడి చేరిస్తే ఎస్ఎస్ఎస్‌డీని అవే ఎనేబుల్ చేసేస్తాయి. చేత్తో ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్ (దాని సెట్టింగుల ఫైలు) రాసుకున్న వాళ్లే ఈ అడుగు మర్చిపోతుంటారు. ఆరోజుకి అంతా పనిచేస్తుంది, మర్నాడు రీబూట్ అయ్యాక ఎవరికీ లాగిన్ ఉండదు.

ఎనేబుల్ చేశాను. అయినా రీబూట్ తర్వాత ఎస్ఎస్ఎస్‌డీ నడవట్లేదు. ఎందుకు?

స్టార్ట్ అంటే ఇప్పుడు నడపడం, ఎనేబుల్ అంటే ప్రతి బూట్‌లో నడిచేలా లింకు పెట్టడం. ఒకటి చేస్తే రెండోది అయిపోదు. రెండూ అయ్యాయో లేదో ముందు చూడండి:

సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ ఎస్ఎస్ఎస్‌డీ
సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్ఎస్ఎస్‌డీ

ఎనేబుల్ అయి ఉన్నా స్టేటస్‌లో నడవట్లేదని వస్తే అనుమానించాల్సింది ఫైలు హక్కులను. /ఈటీసీ/ఎస్ఎస్ఎస్‌డీ/ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్ రూట్ సొంతమై, హక్కులు 600 ఉండాలి. ఎడిటర్‌తో కొత్తగా రాసిన ఫైలుకు మామూలుగా 644 వస్తుంది. ఈ ఫైల్లో సర్వర్ పాస్‌వర్డ్ ఉండొచ్చు కాబట్టి, మిగతావాళ్లు చదవగలిగే స్థితిలో ఉంటే ఎస్ఎస్ఎస్‌డీ లేవనని మొరాయిస్తుంది. సీహెచ్‌మోడ్ 600 కొట్టి రీస్టార్ట్ చేస్తే సరి. వేరే మెషిన్ నుంచి ఫైలు కాపీ చేసుకుంటే దాని మీది ఎస్ఈలినక్స్ (అదనపు భద్రతా కాపలా) లేబుల్ తేడా పడుతుంది. దానికి రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /ఈటీసీ/ఎస్ఎస్ఎస్‌డీ కొట్టండి, ఇందులో ఆర్ పెద్దక్షరం.

స్పెల్లింగ్ తప్పులకు ఎస్ఎస్ఎస్‌సీటీఎల్ కాన్ఫిగ్-చెక్ ఉంది. ఒక ఆప్షన్ పేరు తప్పు కొట్టినా, తప్పు విభాగంలో పెట్టినా చెబుతుంది. కొన్ని డిస్ట్రోల్లో కాన్ఫిగ్ ఫైలే లేకపోతే సర్వీసు ఫెయిల్ అయినట్టు కూడా చూపించదు. షరతు నెరవేరలేదని దాటేసి ఊరుకుంటుంది. ఎర్ర అక్షరాలు కనబడలేదని అంతా బాగుందనుకోకండి.

ఎస్ఎస్ఎస్‌డీ నెట్‌వర్క్ పూర్తిగా వచ్చాకే మొదలవాలి కదా? నెట్‌వర్క్-ఆన్‌లైన్ తర్వాత అని పెట్టమంటారా?

పెట్టకండి. అందరికీ ముందు తట్టే ఉపాయం ఇదే, ఎక్కువ నష్టం చేసేదీ ఇదే.

ఎస్ఎస్ఎస్‌డీ యూనిట్ ఫైల్లో (సర్వీసును ఎప్పుడు, ఎలా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలు) బిఫోర్ అనే వరుసలో రెండు పేర్లుంటాయి: సిస్టమ్‌డీ-యూజర్-సెషన్స్.సర్వీస్, ఎన్ఎస్ఎస్-యూజర్-లుకప్.టార్గెట్ (టార్గెట్ అంటే బూట్‌లో ఒక మజిలీ). మొదటిది మామూలు యూజర్లకు లాగిన్ తలుపు తెరిచే సర్వీసు. అది అయ్యేదాకా /రన్/నోలాగిన్ ఫైలు అడ్డంగా ఉంటుంది, రూట్ తప్ప ఎవరూ లోపలికి రాలేరు. లాగిన్ తెర చూపించే జీడీఎం కూడా దాని తర్వాతే లేస్తుంది. ఇప్పుడు మీరు ఎస్ఎస్ఎస్‌డీని నెట్‌వర్క్-ఆన్‌లైన్ వెనక కట్టేశారనుకోండి. కేబుల్ ఊడిన మెషిన్‌లో ఎస్ఎస్ఎస్‌డీ ఆగుతుంది, దాని వెనక యూజర్-సెషన్స్, దాని వెనక లాగిన్ తెర. నెట్‌వర్క్‌మేనేజర్-వెయిట్-ఆన్‌లైన్ మామూలుగా 60 సెకన్లు చూస్తుంది. అంతసేపూ లోకల్ యూజర్లకూ తెర రాదు. నెట్‌వర్క్ లాగిన్ కోసం చేసిన మార్పు, నెట్‌వర్క్‌తో సంబంధం లేని వాళ్లను కూడా ఆపేస్తుంది.

పైగా దీని అవసరమే లేదు. ఎస్ఎస్ఎస్‌డీ లేచినప్పుడు సర్వర్ అందకపోతే చచ్చిపోదు, ఆఫ్‌లైన్ స్థితిలోకి వెళ్తుంది. నెట్‌వర్క్ కార్డులో మార్పు వచ్చినా, /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ మారినా దానికి తెలుస్తుంది, వెంటనే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈలోగా క్యాష్‌లో ఉన్న యూజర్లకు లాగిన్ ఇస్తుంది. అందుకోసం మీరు చేయాల్సింది ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్‌లోని డొమైన్ విభాగంలో ఒక్క వరుస:

క్యాష్_క్రెడెన్షియల్స్ = ట్రూ

రెల్మ్ జాయిన్ దీన్ని తనే రాస్తుంది. చేత్తో రాసిన కాన్ఫిగ్‌లో ఇది లేకపోతే విలువ ఫాల్స్ కింద లెక్క. అప్పుడు సర్వర్ కాస్త కునుకు తీసినా అందరూ బయటే. క్యాష్‌లోని పాస్‌వర్డ్ ఎన్నాళ్లు చెల్లాలో పామ్ (పాస్‌వర్డ్ సరిచూసే భాగం) విభాగంలో ఆఫ్‌లైన్_క్రెడెన్షియల్స్_ఎక్స్‌పిరేషన్ చెబుతుంది. ఏమీ రాయకపోతే 0, అంటే గడువు లేదు. ల్యాప్‌టాప్‌లకు 7 లేదా 14 రోజులు పెట్టడం మంచిది. ఉద్యోగం మానేసిన మనిషి చేతిలో మెషిన్ ఉండిపోతే అప్పుడు దీని విలువ తెలుస్తుంది.

క్యాష్‌కు ఒక హద్దుంది. ఆ మెషిన్‌లో ఒక్కసారైనా ఆన్‌లైన్‌లో లాగిన్ అయిన వాళ్లకే అది పనికొస్తుంది. కొత్త మనిషి మొదటి లాగిన్‌కి సర్వర్ అందాల్సిందే.

నెట్‌వర్క్.టార్గెట్, నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ తేడా ఏమిటి?

మొదటిది నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్ మొదలైందని చెబుతుంది. ఐపీ చిరునామా వచ్చిందని కాదు. రెండోది చిరునామా వచ్చేదాకా ఆగుతుంది. రెండోదాన్ని వాడే యూనిట్‌లో వాంట్స్ (దాన్ని పిలవడం), ఆఫ్టర్ (దాని తర్వాతే లేవడం) రెండూ రాయాలి. ఆఫ్టర్ ఒక్కటే రాస్తే, ఆ టార్గెట్‌ని ఇంకెవరూ పిలవకపోతే అది లేవదు, మీ సర్వీసు ఆగకుండానే మొదలైపోతుంది.

కరెంటు పోయి వచ్చాక ల్యాబ్ మొత్తంలో ఎవరికీ లాగిన్ అవట్లేదు. అరగంట పోయాక దానంతటదే సర్దుకుంటోంది. ఏమిటిది?

మన దగ్గర కాలేజీ ల్యాబుల్లో ఇది బాగా కనిపిస్తుంది. కారణాలు రెండు, ఒక్కోసారి రెండూ కలిసే వస్తాయి.

ఒకటి, ఎదురుచూపు. కరెంటు రాగానే క్లయింట్లు అర నిమిషంలో లేస్తాయి. సర్వర్‌కి మెమరీ పరీక్షలు, రెయిడ్ కార్డు, ఆపైన డైరెక్టరీ సర్వీసు అన్నీ అయ్యేసరికి చాలా నిమిషాలు పడుతుంది. మధ్యలో స్విచ్ కూడా బూట్ అవ్వాలి. క్లయింట్‌లో ఎస్ఎస్ఎస్‌డీ మొదటిసారి అడిగి, జవాబు రాక ఆఫ్‌లైన్‌కి వెళ్తుంది. మళ్లీ 60 సెకన్లకు అడుగుతుంది. అప్పుడూ లేకపోతే రెట్టింపు సమయం ఆగుతుంది, ఆపైన దానికి రెట్టింపు. ఇలా 3600 సెకన్ల దాకా పెరగనిస్తుంది. అంటే సర్వర్ పదో నిమిషంలో లేచినా, క్లయింట్ తర్వాతి ప్రయత్నం పదిహేనో నిమిషంలో ఉండొచ్చు. క్లయింట్ వైపు కేబుల్, ఐపీ మారలేదు కాబట్టి మధ్యలో దాన్ని తట్టిలేపేదీ ఏదీ లేదు.

డొమైన్ విభాగంలో ఈ పెరుగుదలకు కళ్లెం వేయండి:

ఆఫ్‌లైన్_టైమౌట్ = 60
ఆఫ్‌లైన్_టైమౌట్_మ్యాక్స్ = 240

రెండోది మొదటిదానికి కనీసం నాలుగు రెట్లు ఉంచడం పద్ధతి. మరీ తగ్గిస్తే వంద మెషిన్లు ఒక్కసారిగా, అప్పుడే లేస్తున్న సర్వర్ మీద పడతాయి. ఇప్పటికిప్పుడు పని జరగాలంటే ఎస్ఎస్ఎస్‌డీకి యూఎస్ఆర్2 సిగ్నల్ పంపండి. వెంటనే ఆన్‌లైన్‌కి వెళ్లే ప్రయత్నం చేస్తుంది:

పీకిల్ -యూఎస్ఆర్2 -ఎక్స్ ఎస్ఎస్ఎస్‌డీ

సిగ్నల్ పేరు పెద్దక్షరాల్లో, ఎక్స్ చిన్నక్షరంలో. దీనికి రూట్ కావాలి, అందుకే ప్రతి మెషిన్‌లో పాస్‌వర్డ్ తెలిసిన లోకల్ అకౌంట్ ఒకటి ఉండాలి.

రెండో కారణం గడియారం. నాలుగైదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటుంది. కరెంటు పోగానే తేదీ వెనక్కి, ఎప్పటిదో పాత సంవత్సరానికి వెళ్తుంది. కెర్బరోస్ (సర్వర్ ఇచ్చే టికెట్లతో గుర్తింపు చూపే లాగిన్ పద్ధతి) మామూలుగా 5 నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది. టీఎల్ఎస్ (గుప్తీకరణ) సర్టిఫికెట్ అయితే "ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అని తిప్పికొడుతుంది. యూజర్‌కి కనబడేది మాత్రం "పాస్‌వర్డ్ తప్పు" అనే. పాపం, పాస్‌వర్డ్ మూడుసార్లు రీసెట్ చేయించుకుంటారు.

క్రోనీ కాన్ఫిగ్‌లో మేక్‌స్టెప్ 1.0 3 అనే వరుస ఉందో లేదో చూడండి. మొదటి మూడు సవరణల్లో తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒక్క గెంతులో సరిచేయమని దాని అర్థం. అది లేకపోతే క్రోనీ గడియారాన్ని మెల్లమెల్లగా జరుపుతుంది, సంవత్సరాల తేడా ఆ నడకతో తీరదు. టైమ్ సర్వర్‌గా ఇంటర్నెట్‌లో ఉన్నదాన్నే నమ్ముకోకుండా మీ డొమైన్ సర్వర్‌నో, కోర్ స్విచ్‌నో కూడా పెట్టండి. కరెంటు వచ్చిన మొదటి నిమిషాల్లో బయటి లైన్ ఉంటుందన్న భరోసా లేదు. సెల్ మార్చడం చవక.

బూట్‌లో రెండు నిమిషాలు ఆగిపోతోంది. నెట్‌వర్క్ కాన్ఫిగర్ అయ్యేదాకా ఆగుతున్నానని చూపిస్తోంది.

ఉబుంటు సర్వర్లలో సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ-వెయిట్-ఆన్‌లైన్ 120 సెకన్లు చూస్తుంది. నెట్‌వర్క్ సెట్టింగులుండే నెట్‌ప్లాన్ ఫైల్లో రెండు కార్డులు రాసి ఉండి, ఒకదానికి కేబుల్ లేకపోతే దాని కోసమే ఈ ఎదురుచూపు. /ఈటీసీ/నెట్‌ప్లాన్ కింది ఫైల్లో ఆ కార్డు కింద ఆప్షనల్: ట్రూ అని రాసి నెట్‌ప్లాన్ అప్లై కొట్టండి. వెయిట్-ఆన్‌లైన్‌ని మాస్క్ (అసలు లేవకుండా బిగించడం) చేయమని సలహాలు దొరుకుతాయి. ఎన్ఎఫ్ఎస్ మౌంట్లు లేని మెషిన్‌లో ఫర్వాలేదు, ఉన్న మెషిన్‌లో చేస్తే ఒక తలనొప్పి పోయి ఇంకోటి వస్తుంది.

ఎక్కడ సమయం పోతోందో ఊహించనక్కర్లేదు:

సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్ ఎస్ఎస్ఎస్‌డీ.సర్వీస్

ఉబుంటులో ఎస్ఎస్ఎస్‌డీ-ఎన్ఎస్ఎస్.సాకెట్, ఎస్ఎస్ఎస్‌డీ-పామ్-ప్రైవ్.సాకెట్ ప్రతి బూట్‌లో ఫెయిల్ అంటున్నాయి. లాగిన్ మాత్రం బాగానే అవుతోంది.

ఎస్ఎస్ఎస్‌డీ అంటే ఒక్క ప్రోగ్రామ్ కాదు. యూజర్ల పేర్లు చెప్పేది ఎన్ఎస్ఎస్ భాగం, పాస్‌వర్డ్ చూసేది పామ్ భాగం. వీటిని రెండు దార్లలో లేపొచ్చు: ఎస్ఎస్ఎస్‌డీ.కాన్ఫ్‌లో సర్వీసెస్ = ఎన్ఎస్ఎస్, పామ్ అని రాస్తే ఎస్ఎస్ఎస్‌డీయే లేపుతుంది. లేదా సాకెట్ తెరిచి ఉంచితే, ఎవరైనా అడిగినప్పుడు సిస్టమ్‌డీ లేపుతుంది. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు సాకెట్లను ఎనేబుల్ చేసి ఇస్తాయి. రెల్మ్ జాయిన్ రాసే కాన్ఫిగ్‌లో సర్వీసెస్ వరుస కూడా ఉంటుంది. ఒకే భాగాన్ని ఇద్దరూ లేపబోయేసరికి సాకెట్ వైపు వెనక్కి తగ్గి ఫెయిల్ అని నమోదు చేస్తుంది.

లాగిన్‌కి హాని లేదు. కానీ మెషిన్ స్థితి ఎప్పుడూ డిగ్రేడెడ్ అని ఉంటే నిజంగా ఏదైనా పడిపోయిన రోజు ఎవరూ పట్టించుకోరు, అందుకని ఒక దారి ఎంచుకోండి. మా మొగ్గు సర్వీసెస్ వరుస వైపే. లాగిన్ తెర రాకముందే అన్నీ లేచి సిద్ధంగా ఉంటాయి, లాగ్ చదవడమూ తేలిక. అప్పుడు ఆ వరుసలో ఉన్న భాగాల సాకెట్లను తీసేయండి:

సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ ఎస్ఎస్ఎస్‌డీ-ఎన్ఎస్ఎస్.సాకెట్ ఎస్ఎస్ఎస్‌డీ-పామ్.సాకెట్ ఎస్ఎస్ఎస్‌డీ-పామ్-ప్రైవ్.సాకెట్

లాగిన్ అయ్యింది కానీ హోమ్ ఫోల్డర్ లేదంటోంది.

రెడ్ హ్యాట్‌లో:

ఆథ్‌సెలెక్ట్ సెలెక్ట్ ఎస్ఎస్ఎస్‌డీ విత్-ఎంకెహోమ్‌డిర్

ఇది పామ్ ఫైళ్లలో వరుస చేర్చుతుందే తప్ప ఆడ్‌జాబ్‌డీని లేపదు. దాన్ని మీరే ఎనేబుల్ చేయాలని తెర మీద ఒక మాట చెబుతుంది, ఎవరూ చదవరు. గ్రాఫికల్ లాగిన్‌లో ఈ లోపం ఇంకోలా కనబడుతుంది: పాస్‌వర్డ్ కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్‌కే వస్తుంది. డెబియన్, ఉబుంటుల్లో పామ్-ఆథ్-అప్‌డేట్ --ఎనేబుల్ ఎంకెహోమ్‌డిర్ కొడితే సరిపోతుంది, విడిగా సర్వీసు అక్కర్లేదు.

రెడ్ హ్యాట్‌లో సిస్టమ్-ఆథ్, పాస్‌వర్డ్-ఆథ్, ఎన్ఎస్ఎస్‌స్విచ్.కాన్ఫ్ ఫైళ్లను చేత్తో మార్చకండి. తర్వాతిసారి ఆథ్‌సెలెక్ట్ నడిపినప్పుడు, మీ మార్పులు చూసి ఒప్పుకోనంటుంది. ఫోర్స్ చేస్తే మీ రాతలు పోతాయి. ఏ ప్రొఫైల్ ఉందో ఆథ్‌సెలెక్ట్ కరెంట్ చెబుతుంది, చేత్తో ఎవరైనా కెలికారేమో ఆథ్‌సెలెక్ట్ చెక్ చెబుతుంది.

హోమ్ ఫోల్డర్లు ఎన్ఎఫ్ఎస్ సర్వర్‌లో ఉన్నాయి. బూట్ ఆగకుండా ఎలా పెట్టాలి?

మౌంట్ల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో /హోమ్‌ని నేరుగా మౌంట్ చేస్తే, సర్వర్ లేని రోజు బూట్ మొత్తం దాని మీద వేలాడుతుంది. వరుసలో ఈ ఆప్షన్లు చేర్చండి: _నెట్‌డెవ్, నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్, ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=30. అప్పుడు బూట్‌లో కాక, ఎవరైనా ఆ ఫోల్డర్‌ని ముట్టుకున్నప్పుడే మౌంట్ అవుతుంది. లోకల్ అడ్మిన్ అకౌంట్ హోమ్ మాత్రం /హోమ్ కింద పెట్టకండి, /వార్ కింద ఎక్కడైనా పెట్టండి. సర్వర్ పడిపోయిన రోజు వాడాల్సిన అకౌంటే సర్వర్ మీద ఆధారపడితే ఇంకేం లాభం?

ఎస్ఈలినక్స్ ఉంటే:

సెట్‌ఎస్ఈబూల్ -పీ యూజ్_ఎన్ఎఫ్ఎస్_హోమ్_డిర్స్ ఆన్

ఇక్కడ పీ పెద్దక్షరం, అది లేకపోతే రీబూట్‌తో పోతుంది. కెర్బరోస్‌తో ఎన్ఎఫ్ఎస్ వాడే వాళ్లకు ఇంకో చిక్కు: ఆర్‌పీసీ-జీఎస్ఎస్‌డీ సర్వీసు /ఈటీసీ/కేఆర్‌బీ5.కీట్యాబ్ (డొమైన్‌లో ఈ మెషిన్ తాళంచెవి ఉండే ఫైలు) ఉంటేనే లేస్తుంది. బూట్ అయ్యాక డొమైన్‌లో చేరిస్తే కీట్యాబ్ అప్పుడే పుడుతుంది, జీఎస్ఎస్‌డీ మాత్రం పొద్దున్నే దాటేసి వెళ్లిపోయింది. ఒకసారి చేత్తో స్టార్ట్ చేయండి, తర్వాతి బూట్ నుంచి బాధ లేదు. ఫైళ్లన్నీ నోబడీ పేరుతో కనిపిస్తే /ఈటీసీ/ఐడీమ్యాప్‌డీ.కాన్ఫ్‌లో డొమైన్ పేరు రెండు వైపులా ఒకటేనా చూసి, ఎన్ఎఫ్ఎస్ఐడీమ్యాప్ -సీ కొట్టండి.

నెట్‌వర్క్ యూజర్ పేరుతో నడవాల్సిన సర్వీసు బూట్‌లో 217/యూజర్ అని పడిపోతోంది. చేత్తో స్టార్ట్ చేస్తే నడుస్తోంది.

యూనిట్ ఫైల్లో యూజర్= కింద రాసిన పేరు ఆ క్షణానికి ఎవరికీ తెలియదని 217 అర్థం. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ తో ఆ సర్వీసుకు ఒక చేర్పు రాయండి: యూనిట్ విభాగంలో ఆఫ్టర్=ఎన్ఎస్ఎస్-యూజర్-లుకప్.టార్గెట్. దీనికి వాంట్స్ అక్కర్లేదు, ఆ టార్గెట్‌ని ఎస్ఎస్ఎస్‌డీ తనే లేపుతుంది.

ఆ యూజర్ వివరాలు క్యాష్‌లో ఉంటే ఇంతటితో సరి. లేకపోతే ఎస్ఎస్ఎస్‌డీ లేచినా, సర్వర్ అందేదాకా జవాబుండదు. అప్పుడు ఈ సర్వీసుకు మాత్రం, ఎస్ఎస్ఎస్‌డీకి కాదు, నెట్‌వర్క్-ఆన్‌లైన్‌ని వాంట్స్, ఆఫ్టర్ రెండిట్లోనూ పెట్టి, రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్=30 చేర్చండి. అయినా మా మాట ఏమిటంటే, సర్వీసులు నడిపే యూజర్లు లోకల్‌గానే ఉండాలి. బ్యాకప్‌కో డేటాబేస్‌కో నెట్‌వర్క్ అకౌంట్ ఎందుకు?

క్రాన్‌లో (వేళ ప్రకారం పనులు నడిపే సర్వీసు) ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది. నెట్‌వర్క్ యూజర్ పెట్టుకున్న క్రాన్‌ట్యాబ్ నడవదు, లాగ్‌లో ఆర్ఫన్ అన్న మాట, పాస్‌డబ్ల్యూడీ ఎంట్రీ లేదన్న వివరణ కనిపిస్తాయి.

వైఫై ల్యాప్‌టాప్‌లో కొత్త ఉద్యోగి లాగిన్ కాలేకపోతున్నారు.

డెస్క్‌టాప్‌లో వైఫై పాస్‌వర్డ్ కొట్టినప్పుడు అది ఆ యూజర్ కీరింగ్‌లో దాక్కునే వీలుంది. అంటే ఎవరో లాగిన్ అయితేనే వైఫై, వైఫై ఉంటేనే కొత్త మనిషికి లాగిన్. ఈ ముడి విప్పాలంటే కనెక్షన్ అందరిదీ కావాలి, పాస్‌వర్డ్ సిస్టమ్ ఫైల్లో ఉండాలి:

ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై పేరు కనెక్షన్.పర్మిషన్స్ ""
ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై పేరు 802-11-వైర్‌లెస్-సెక్యూరిటీ.పీఎస్‌కే-ఫ్లాగ్స్ 0

ఆ తర్వాత పాస్‌వర్డ్ ఒకసారి మళ్లీ ఇవ్వాలి. అంత ఓపిక లేకపోతే, ల్యాప్‌టాప్ చేతికిచ్చే రోజు కేబుల్ పెట్టి ఆ ఉద్యోగి చేత ఒక్కసారి లాగిన్ చేయించండి. క్యాష్ నిండుతుంది.

ఎన్ఎస్‌సీడీ, విన్‌బైండ్ కూడా నడుస్తున్నాయి. ఉంచాలా?

ఎన్ఎస్‌సీడీ కూడా పేర్లను క్యాష్‌లో దాచేదే. దాని పక్కన ఎస్ఎస్ఎస్‌డీ ఉంటే ఒకే విషయాన్ని రెండు చోట్ల దాచినట్టే. గ్రూపులో కొత్తగా చేర్చిన మనిషి ఒకచోట కనిపించి ఇంకోచోట కనిపించడు. ఎన్ఎస్‌సీడీని ఆపేయండి. హోస్ట్ పేర్ల కోసం కావాలంటే పాస్‌డబ్ల్యూడీ, గ్రూప్, నెట్‌గ్రూప్ క్యాష్‌లను మాత్రం నో చేయండి.

విన్‌బైండ్ (డొమైన్ యూజర్ల వివరాలు తెచ్చే సాంబా సర్వీసు) సంగతి వేరు. ఆ మెషిన్ సాంబాతో ఫైళ్లు పంచే డొమైన్ సభ్యురాలైతే, సాంబా 4.8 నుంచి విన్‌బైండ్ తప్పనిసరి. లాగిన్ మాత్రం ఎస్ఎస్ఎస్‌డీ చూసుకోవచ్చు. ఫైళ్లు పంచని మెషిన్‌లో ఇద్దరూ ఉండనక్కర్లేదు, ఎస్ఎస్ఎస్‌డీ ఒక్కటే చాలు. ఒకే యూజర్‌కి ఇద్దరూ వేర్వేరు నంబర్లు ఇస్తే ఫైళ్ల యాజమాన్యం చిందరవందర అవుతుంది.

ఒక మెషిన్ సిద్ధం చేసి, ఇమేజ్ తీసి నలభై మెషిన్లలో వేశాం. నెల తిరిగేసరికి ఒక్కొక్కటే లాగిన్ పోతోంది.

డొమైన్‌లో చేర్చాక ఇమేజ్ తీశారు. నలభై మెషిన్లూ ఒకే కీట్యాబ్‌తో, ఒకే మెషిన్ అకౌంట్‌తో మాట్లాడుతున్నాయి. యాక్టివ్ డైరెక్టరీలో ఎస్ఎస్ఎస్‌డీ ఆ అకౌంట్ పాస్‌వర్డ్‌ని 30 రోజులకోసారి మారుస్తుంది. ముందు మార్చిన మెషిన్ బతుకుతుంది, మిగతావాటి దగ్గరున్నది పాత తాళంచెవి. వర్చువల్ మెషిన్‌ని పాత స్నాప్‌షాట్‌కి తిప్పినా ఇదే జరుగుతుంది.

ఇమేజ్‌లో ప్యాకేజీల వరకే ఉంచండి. కీట్యాబ్, /వార్/లిబ్/ఎస్ఎస్ఎస్/డీబీ కింది ఫైళ్లు తీసేసి, /ఈటీసీ/మెషిన్-ఐడీని ఖాళీ చేసి ఇమేజ్ తీయండి. ఒక్కో మెషిన్‌కి హోస్ట్ పేరు మార్చాక అప్పుడు రెల్మ్ జాయిన్ కొట్టండి. ఇప్పటికే చెడిపోయినవి రెల్మ్ లీవ్ చేసి మళ్లీ చేర్చాల్సిందే. చేరిక ఆరోగ్యంగా ఉందో లేదో ఏడీసీఎల్ఐ టెస్ట్‌జాయిన్ చెబుతుంది.

సర్వర్ పడిపోతే రూట్ కూడా లాగిన్ కాలేని పరిస్థితి వస్తుందా?

ఎస్ఎస్ఎస్‌డీతో రాదు. రూట్ పేరును అది ఎవరినీ అడగదు, ఫిల్టర్_యూజర్స్‌లో రూట్ ముందే ఉంటుంది. ఈ భయం పాత ఎన్ఎస్ఎస్_ఎల్‌డ్యాప్ రోజుల నాటిది. అప్పట్లో బూట్‌లో ప్రతి చిన్న పేరు కోసం ఎల్‌డ్యాప్ సర్వర్‌ని వెతుక్కుంటూ, మళ్లీ కలుపుతున్నానంటూ 64 సెకన్లు నిద్రపోయేది. అలాంటి పాత మెషిన్ ఇంకా ఉంటే బైండ్_పాలసీ సాఫ్ట్ పెట్టండి.

ఇప్పటికీ పాటించాల్సింది ఒకటుంది: యూడెవ్ (పరికరాలను గుర్తించి హక్కులు పెట్టే సర్వీసు) రూల్స్‌లో ఓనర్, గ్రూప్ దగ్గర నెట్‌వర్క్ గ్రూపుల పేర్లు రాయకండి. యూడెవ్ లేచే వేళకి ఎస్ఎస్ఎస్‌డీ పుట్టను కూడా పుట్టదు. స్కానర్‌కో సీరియల్ పోర్టుకో హక్కులివ్వాలంటే లోకల్ సిస్టమ్ గ్రూపునే వాడండి.

లాగిన్ అవట్లేదని ఫోన్ వచ్చింది. ఏ వరుసలో చూడాలి?

కింది నుంచి పైకి రండి. ఐపీ ఉందా? డీఎన్ఎస్ (పేర్లకు ఐపీ చిరునామా చెప్పే సర్వర్) మీ డొమైన్ సర్వర్‌నే చూపిస్తోందా, లేక ఎవరైనా 8.8.8.8 పెట్టారా? ఇంటర్నెట్ డీఎన్ఎస్‌కి మీ లోపలి డొమైన్ తెలియదు. డిగ్ -టీ ఎస్ఆర్‌వీ _ఎల్‌డ్యాప్._టీసీపీ.మీడొమైన్ కొడితే సర్వర్ పేరు రావాలి. క్రోనీసీ ట్రాకింగ్‌లో తేడా చూడండి. ఆ తర్వాతే ఎస్ఎస్ఎస్‌డీ:

ఎస్ఎస్ఎస్‌సీటీఎల్ డొమైన్-స్టేటస్ మీడొమైన్
ఐడీ యూజర్‌పేరు

ఐడీ పనిచేసి లాగిన్ పనిచేయకపోతే తప్పు పాస్‌వర్డ్ దారిలోనో, అనుమతి దారిలోనో ఉంది. ఐడీయే పనిచేయకపోతే తప్పు సర్వర్ దారిలో ఉంది. ఉత్త ఎల్‌డ్యాప్ వాడేవాళ్లకు ఇక్కడ ఒక మెలిక: గుప్తీకరణ లేని 389 పోర్టు మీద పేర్లు వస్తాయి, పాస్‌వర్డ్‌ని మాత్రం ఎస్ఎస్ఎస్‌డీ పంపదు. స్టార్ట్‌టీఎల్ఎస్‌ గానీ, 636 పోర్టు మీద ఎల్‌డ్యాప్స్ గానీ ఉండాల్సిందే. ఇక, పేరు ఇవ్వకుండా గెట్‌ఎంట్ పాస్‌డబ్ల్యూడీ కొట్టి నెట్‌వర్క్ యూజర్లు కనబడలేదని కంగారుపడకండి. ఎన్యూమరేట్ (యూజర్లందరి జాబితా ఇవ్వడం) మామూలుగా ఆపి ఉంటుంది, అలాగే ఉండనివ్వండి.

ఇంకా లోతుకి వెళ్లాలంటే ఎస్ఎస్ఎస్‌సీటీఎల్ డీబగ్-లెవెల్ 6 కొట్టి ఒకసారి లాగిన్ ప్రయత్నించి /వార్/లాగ్/ఎస్ఎస్ఎస్‌డీ కింద చూడండి. 9 పెట్టి వదిలేస్తే డిస్కు నిండుతుంది. సమస్య ఏదైనా క్యాష్ తుడిచేయడం చాలామందికి అలవాటు. ఎస్ఎస్ఎస్_క్యాష్ -ఈ (ఈ పెద్దక్షరం) అయితే పాతవి గడువు తీరినట్టు గుర్తుపెడుతుందంతే. డీబీ ఫైళ్లు చెరిపేస్తే ఆఫ్‌లైన్ పాస్‌వర్డ్‌లూ పోతాయి. సర్వర్ అందని సమయంలో అది చేశారంటే అప్పటిదాకా లాగిన్ అవుతున్న వాళ్లు కూడా బయటపడతారు.

మా దగ్గర ఇంకా ఎన్ఐఎస్ ఉంది. వైపీబైండ్‌ని ఎలా పెట్టాలి?

ఎన్ఐఎస్ (పాతకాలపు నెట్‌వర్క్ లాగిన్ పద్ధతి) క్లయింట్ అయిన వైపీబైండ్‌కి ఆఫ్‌లైన్ క్యాష్ లేదు కాబట్టి, దానికి మాత్రం నెట్‌వర్క్-ఆన్‌లైన్, ఆర్‌పీసీబైండ్ రెండూ ముందు రావాలి. ఎస్ఈలినక్స్‌లో ఎన్ఐఎస్_ఎనేబుల్డ్ ఆన్ చేయాలి. ఎన్ఐఎస్‌లో పాస్‌వర్డ్ హ్యాష్‌లు గుప్తీకరణ లేకుండా తీగ మీద పోతాయి. రెడ్ హ్యాట్ 9లో ఎన్ఐఎస్ ప్యాకేజీలే తీసేశారు. రెడ్ హ్యాట్ 8 ఉన్న మెషిన్లను మార్చేలోగా ఫ్రీఐపీఏకి మారే పని మొదలుపెట్టండి.